మట్టి పూసిన పొయ్యి తలుపు

జగిత్యాల దగ్గరి దేవయ్యకు రాని పని లేదు. ఈ మాట వాళ్ల ఊళ్లో ఎవరూ అనలేదు. ఒమన్ వెళ్లాక దేవయ్యే తన గురించి తాను చెప్పుకున్నాడు. అక్కడ సైట్ మీద ‘తెలియదు’ అన్నవాడి నెత్తిన తట్ట పెడతారు, ‘మాలూమ్’ అన్నవాడికి కనీసం సాయంత్రం దాకా మర్యాద ఇస్తారు. ఆ మర్యాదతోనే దేవయ్య ఇన్నేళ్లూ నెట్టుకొచ్చాడు. నిజంగా తెలిసిన పని మాత్రం ఒక్కటే, ఇనుప కడ్డీలను తీగతో బిగించి కట్టడం. ఆ పనిలోనే మోకాళ్లు పోయాయి.

కంపెనీ యజమాని ఖల్ఫాన్ ఓసారి సైట్‌కి వచ్చి, కొండ మీద తన తల్లి ఉంటున్న ఇంటికి ఒక మనిషి కావాలన్నాడు. వంట ఎవరికి వచ్చు అంటే దేవయ్య చెయ్యెత్తాడు. తోటపని అంటే ఎత్తాడు. బండి నడపడం అన్నప్పుడు కూడా సగం ఎత్తి, తాళంచెవి అక్కడికక్కడే చేతిలో పెడతాడేమోనన్న భయంతో ఆ చేత్తోనే తల గోక్కున్నాడు. అలా జబల్ అఖ్దర్ చేరాడు. దానిమ్మ చెట్లు, రాతి గోడల మధ్య మెట్లు మెట్లుగా చిన్న మళ్లు, ఎండాకాలంలోనూ చల్లగాలి. ఇంటి పెద్దావిడ జైనబ్‌ను పనివాళ్లందరిలాగే ‘మామా’ అని పిలిచేవాడు. ఆమె అరబ్బీ ఇతనికి రాదు, ఇతని హిందీ ఆమెకు రాదు. ఆమె ఏమన్నా ఇతను ‘ఇన్షా అల్లా’ అనేవాడు. దాంతో సంసారం సాఫీగానే నడిచింది.

చలికాలంలో ఆ కొండ మీద గదిలో కూచున్నా వేళ్లు కొంకర్లు పోతాయి. అందుకని ఖల్ఫాన్ హాల్లో ఒక పెల్లెట్ స్టవ్ పెట్టించాడు. చెక్కపొట్టును గట్టిగా నొక్కి చేసిన గుళికలను పైన ఉన్న పెట్టెలో పోస్తే, అవే కొద్దికొద్దిగా లోపలికి జారి అద్దం తలుపు వెనక మండుతుంటాయి. ఆ తలుపు చుట్టూ లోపలివైపు గాడిలో వేలంత లావు తాడు ఉంటుంది. కాలని నూలుతో అల్లిన తాడు. దాన్నే గాస్కెట్ అంటారు. తలుపు దాని మీద నొక్కుకుని మూసుకుంటే పొగ గదిలోకి రాదు. ఆ తాడు అరిగి, అణిగి, పీచులు లేచింది. జైనబ్ దగ్గడం మొదలుపెట్టింది.

కొండ కింద సీబ్‌లోని తన ఇంటి నుంచి ఖల్ఫాన్ ఫోన్ చేశాడు. “గాస్కెట్ పంపుతున్నా. మార్చడం వచ్చా? రాకపోతే మిస్త్రీని పంపిస్తా.”

“మాలూమ్ బాబా. మాఫీ ముష్కిల్” అన్నాడు దేవయ్య, ఏ ఇబ్బందీ లేదన్నట్టు.

“చూడు, మా అమ్మకు పొగ పడదు. మళ్లీ పొగ వచ్చిందంటే ఆమెను ఇక్కడికి తెచ్చేసుకుంటా. నీకక్కడ పని ఉండదు, సైట్‌కి పోతావ్.”

దేవయ్య చెయ్యి దానంతటదే మోకాలి మీదికి పోయింది.

గాస్కెట్ తాడునీ, జిగురు ట్యూబునీ డ్రైవర్ కమ్రాన్ తెచ్చాడు. పెషావర్ మనిషి, నోరు ఊరికే ఉండదు. “దేవయ్య భాయ్, ఇది ఎప్పుడైనా చేశావా?”

“ఇట్లాంటివి ఎన్ని చూడలే.”

“చూడ్డం కాదు, చేశావా అంటున్నా.”

“నీ బండి నువ్వు చూస్కో భాయ్.”

కమ్రాన్ నవ్వుకుంటూ కొండ దిగిపోయాడు.

పాత తాడు పీకడం, గాడి గోకడం బాగానే జరిగాయి. చిక్కంతా కొత్త తాడు దగ్గర వచ్చింది. ఆ తాడును వదులుగా, ఉన్నదున్నట్టు గాడిలో పడుకోబెట్టాలి. అది ఉబ్బుగా ఉంటేనే పని చేస్తుంది. దేవయ్య చేతులకేమో జన్మంతా బిగించడమే తెలుసు. బొటనవేలితో అదిమి, పళ్లు బిగబట్టి, కడ్డీకి తీగ చుట్టినంత శ్రద్ధగా లాగి లాగి అతికించుకుంటూ వచ్చాడు. తాడు సన్నబడింది, పొడవు సాగింది. చివర బెత్తెడు మిగిలితే ఎంత కలిసొచ్చిందోనని సంబరపడి కోసేశాడు. జిగురు ఆరేలోగా సాగిన తాడు తన దారిన తాను వెనక్కి ముడుచుకుంది. తెల్లారి చూస్తే ఒక మూల బెత్తెడు గాడి బోసిగా నవ్వుతోంది. కోసిన ముక్కను తెచ్చి అతికిస్తే నిలవలేదు, ట్యూబులో జిగురు అడుగంటింది.

స్టవ్ వెలిగించాడు. మూలలోంచే కాదు, సన్నబడ్డ తాడు పొడవునా పొగ వచ్చింది. జైనబ్ ముసుగు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని ఏదో అంది.

“ఇన్షా అల్లా, మామా” అన్నాడు దేవయ్య, కిటికీలు తెరుస్తూ. గదిలోకి చలి వచ్చింది. ఇద్దరూ చెరో కంబళిలో ముడుచుకుని ఆరిపోయిన స్టవ్ వంక చూస్తూ కూర్చున్నారు.

ఖల్ఫాన్‌కి ఫోన్ చేస్తే సైట్. చేయకపోతే ముసలావిడ చలికి బిగుసుకుపోతుంది. దేవయ్య తన భార్య గౌరవ్వకు వీడియో కాల్ చేసి, ఫోన్‌ను స్టవ్ చుట్టూ తిప్పి చూపించాడు.

“ఏందయ్యా అది, బీరువా తీరుగున్నది.”

“పొయ్యే. తలుపు సందులకెల్లి పొగొస్తున్నది. ఏం జెయ్యాలె?”

“పొయ్యి సందు వడితే ఏం జేస్తరు. మట్టి వెట్టి మెత్తు.”

“ఇది ఇటలీది గౌరవ్వా.”

“యాడిదైతేంది. పొగ గదే గద. గడ్డి తుంపి కలుపు, లేకుంటె పగుల్తది. నున్నగ మెత్తు, నీ తీరు గోడకు గొట్టినట్టు గాదు.”

మాటలో తప్పేమీ కనబడలేదు. దానిమ్మ మడిలోంచి బంకమట్టి తవ్వి, మేకల గడ్డి సన్నగా తుంచి కలిపి, కాలితో తొక్కి, తలుపు చుట్టూ అంచు కనబడకుండా మెత్తేశాడు. పిడి కూడా సగం మట్టిలో కూరుకుపోయింది. వెలిగించాడు. పొగ లేదు. గది కొలిమిలా వెచ్చబడింది. జైనబ్ వచ్చి మట్టిని అరచేత్తో తట్టింది. మొహం విప్పారింది. ఏదో అడిగింది. దేవయ్య ఇన్షా అల్లా అన్నాడు. ఆమె ఇంకేదో అడిగి వేళ్లన్నీ ముడిచి నోటి దగ్గర పెట్టుకుంది. తన వంట బాగుందంటోంది కాబోలనుకుని దానికి కూడా అదే జవాబు చెప్పాడు.

ఆ రోజంతా రాజులా గడిచింది. మర్నాడు దేవయ్యకు ఒక చిన్న సంగతి గుర్తొచ్చింది. రోజూ పొద్దున తలుపు తీసి బూడిద ఎత్తాలి. తలుపేమో గోడైపోయింది. పైనుంచి గుళికలు జారుతూనే ఉన్నాయి, లోపల బూడిద లేస్తూనే ఉంది. బటన్ నొక్కి ఆపితే చలి, ఆపకపోతే బూడిద, మట్టి పగలగొడితే పొగ. దేవయ్య స్టవ్ ముందు పీట వేసుకుని కూర్చుని, అద్దం కింది నుంచి నల్లబడుతూ రావడం చూశాడు. చూడ్డం తప్ప చేయగలిగింది ఏమీ లేదు. జైనబ్ కూడా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆమె మాత్రం ఎందుకో చాలా సంతోషంగా ఉంది.

ఎందుకో శుక్రవారం తెలిసింది. అప్పటికి బూడిద నిండి మంట దానంతటదే ఆరిపోయింది. ఇంటి ముందు మూడు బళ్లు ఆగాయి. ఖల్ఫాన్, అతని భార్య, పిల్లలు, చెల్లెళ్లు, బావలు. ఒకరి చేతిలో పెద్ద అన్నం పళ్లెం, ఒకరి దగ్గర నిమ్మకాయలు, ఇంకొకరి దగ్గర పెరుగు గిన్నె. అందరూ నేరుగా స్టవ్ చుట్టూ చేరారు.

కమ్రాన్ దేవయ్య చెవిలో అన్నాడు. “భాయ్, అందులో మేకా, గొర్రా?”

“దేంట్ల?”

“స్టవ్‌లో. మామా ఫోన్ చేసి చెప్పింది. దేవయ్య షువా పెట్టాడు, అందరూ రండి అని.”

ఒమన్ వాళ్లకు పండగ వంట షువా. మసాలా పట్టించిన మాంసాన్ని ఆకుల్లో చుట్టి, నిప్పులు నింపిన గోతిలోకి దించి, పొగ బయటికి రాకుండా పైన మట్టితో మూసేస్తారు. ఒకటి రెండు రోజుల తర్వాత అందరూ చేరి ఆ మట్టి తీస్తారు. జైనబ్ పుట్టి పెరిగిన ఇంట్లో నిప్పు మీద మట్టి మెత్తారంటే లోపల మాంసం ఉన్నట్టే. పొయ్యి తలుపు సరిగా బిగించడం రాక మట్టి పూసే మనిషి ఒకడుంటాడని ఆమెకు ఎలా తోస్తుంది.

“కమ్రాన్ భాయ్, నువ్వే చెప్పు. అండ్ల ఏం లేదని చెప్పు.”

“నేనెందుకు చెప్పాలి. నా బండి నేను చూసుకోవాలి కదా.”

ఖల్ఫాన్ ఉలి, సుత్తి తెమ్మన్నాడు. దేవయ్య తెచ్చి పట్టుకుని నిలబడితే ఒక బావగారే అందుకుని మట్టి కొట్టాడు. పెళ్లలు రాలాయి. పిల్లలు ముందుకు తోసుకొచ్చారు. జైనబ్ బిస్మిల్లా అంది. తలుపు తెరుచుకోగానే పోగుపడ్డ బూడిదంతా ఒక్కసారిగా తివాచీ మీదికి, అన్నం పళ్లెం మీదికి, బావగారి తెల్లటి అంగీ మీదికి దూకింది. కాసేపు ఎవరికీ ఎవరూ కనబడలేదు. కనబడ్డాక అందరూ పొయ్యిలోకి తొంగిచూశారు. జైనబ్ ఊతకర్రతో లోపలంతా వెతికింది. మాంసం అడుగున ఉందేమోనని ఆమె ఆశ.

“ఇది ఏమిటి?” అన్నాడు ఖల్ఫాన్.

“గాస్కెట్, బాబా” అన్నాడు దేవయ్య.

చిన్న చెల్లెలు ముందు నవ్వింది. తర్వాత పిల్లలు. తర్వాత బావగారు కూడా, దులుపుకుంటూ. ఖల్ఫాన్ నవ్వలేదు. తల్లి సామాను సర్దమన్నాడు. దేవయ్య వైపు చూసి, “నీ సంచి కూడా” అన్నాడు. ఎక్కడికో చెప్పలేదు, అడిగే ధైర్యం దేవయ్యకు లేదు.

ముసలావిడకు కొండ దిగడం ఇష్టం లేదు. బండిలో కిటికీ వైపు తిరిగి కూర్చుంది. దేవయ్య కమ్రాన్ పక్క సీట్లో ఒదిగి కూర్చుని, మలుపు మలుపుకీ అతని భుజం తట్టాడు.

“నన్ను సైట్ క్యాంపుల దింపమన్నడా?”

“నాతో ఏమీ అనలేదు.”

“సీబ్ అన్నడా?”

“అనలేదన్నానుగా. మామా దిగేదాకా నోరు మూసుకుని కూర్చో.”

పెద్ద రోడ్డు మీద క్యాంపుకి చీలే దారి వచ్చింది. బండి నెమ్మదించింది. ముందు వెళ్తున్న లారీ పక్కకు తప్పుకోగానే కమ్రాన్ తిన్నగా పోనిచ్చాడు.

సీబ్ ఇంటి దగ్గర కోడలు తన బండిలోంచి దిగివచ్చి చెయ్యి అందించింది. జైనబ్ ఆ చెయ్యి పట్టుకోలేదు. వెనక్కి తిరిగి దేవయ్య కోసం చూసింది. అతను ఆదరాబాదరా దిగి, చుట్టూ తిరిగి వచ్చి, తన భుజం ఆమెకు ఆసరాగా పెట్టాడు. రెండు నొప్పి మోకాళ్లు, ఒక ముసలి ప్రాణం కలిసి మెట్లెక్కాయి. గుమ్మంలో ఖల్ఫాన్ నిలబడి ఉన్నాడు.

“ఈ ఇంట్లో వేడిగా ఉన్న ఏ వస్తువునీ ముట్టుకోకు” అన్నాడు, అంతే, లోపలికి వెళ్లిపోయాడు.

అది తిట్టో, ఉద్యోగమో దేవయ్యకు అర్థం కాలేదు. సాయంత్రం గౌరవ్వకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాడు. మట్టి సలహా ఎవరిదన్న మాట మాత్రం ఇద్దరూ ఎత్తలేదు.

“ఉంచుకున్నట్టా, ఎల్లగొట్టినట్టా? ఏమనుకోవాలె నేను?”

“నీ సంచి ఏడున్నది?”

“మెట్ల కింద అర్ర ఉంటె కమ్రాన్ అండ్ల వెట్టిండు. మంచం గూడ ఉన్నది.”

“ఐతే పండుకో. ఎవలన్న లేపేదాంక లెవ్వకు.”