రెండు పిల్లులకిచ్చిన ఇల్లు

మా ఇంట్లో కాళ్ళన్నీ కలిపితే ఇరవై రెండు. నేను, నా భార్య, మా అమ్మాయి కలిసి ఆరు. కుక్కకు నాలుగు, పిల్లికి నాలుగు, చెవులపిల్లికి నాలుగు, పంజరంలో ఉన్న లవ్‌బర్డ్స్ జతకు నాలుగు. గాజు తొట్టిలో చేపలు కూడా ఉన్నాయి గాని, వాటిని ఈ లెక్కలోకి తెచ్చే దారి నాకు దొరకలేదు.

వీటిలో ఏదీ మేము కొన్నది కాదు. కుక్క పిల్లగా ఉన్నప్పుడు వానకు నా స్కూటర్ కిందికి వచ్చి కూర్చుంది, బండి తీస్తే ఏడ్చింది. పిట్టలు, చేపలు పక్కింటివాళ్ళు ఊరు మారుతూ వదిలిపెట్టినవి. చేపలను చూసి పిల్లి తనంతట తానే వచ్చింది. చెవులపిల్లి మా అమ్మాయి స్నేహితురాలిది. హాస్టల్లో ఒప్పుకోలేదని ‘రెండ్రోజులు’ ఉంచమని ఇచ్చింది. ఆ అమ్మాయి చదువు అయిపోయి ఉద్యోగంలో కూడా చేరింది.

ఎల్బీనగర్‌లో ఒక టైల్స్ షాపు తరఫున ఇళ్ళకు పోయి, గదులు కొలిచి, ఎన్ని పెట్టెలు పడతాయో చెప్పడం నా పని. ఎవరూ నేర్పింది కాదు, చూసి చూసి వచ్చింది. కాబట్టి ఇంట్లో ఎవరెక్కడ ఉండాలి, ఎవరు ముందు తినాలి అనేది కూడా నా మీదే పడింది. పొద్దున ముందు పిట్టలకు వేయాలి. వాటి అరుపు ఆగితే గాని ఇంట్లో ఒకరి మాట ఒకరికి వినపడదు. తరువాత చెవులపిల్లికి ఆకుకూర, ఆ తరువాత పిల్లి. కుక్క అందరికంటే చివర. ఎందుకంటే దాని గిన్నె ఖాళీ కావడానికి రెండు నిమిషాలు కూడా పట్టదు, ఆ మిగిలిన టైమంతా పక్కవాళ్ళ గిన్నెల మీద పెడుతుంది. ఒక్క చెవులపిల్లి గిన్నె జోలికి మాత్రం పోదు. మొదటిరోజు వాసన చూడబోతే అది వెనక కాలితో నేలను దబ్బున కొట్టింది. మా కుక్క మంచం కిందికి దూరింది. అప్పటి నుంచి దాని ముందు పోవాల్సి వస్తే గోడకు ఆనుకొని పోతుంది. పిల్లి మాత్రం రోజంతా చేపల తొట్టి ముందే. “సీరియల్ చూస్తున్నది, కదిలియ్యకు” అంటుంది నా భార్య.

ఇట్లా అందరం కర్మన్‌ఘాట్‌లో ఒక కిరాయి ఇంట్లో హాయిగా ఉండగా, ఓనరు ఆ ఇల్లు అమ్ముకున్నాడు. కొన్నవాళ్ళు మమ్మల్ని ఖాళీ చేయమన్నారు.

ఎల్బీనగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా టులెట్ బోర్డు కనిపించిన ప్రతి గేటూ తట్టాము. దాచి చెప్పడం నాకు రాదు, ముందే అన్నీ చదివేవాడిని. ఒకాయన చేపల దగ్గర ఒప్పుకున్నాడు, పిట్టల దగ్గర ఆలోచించాడు, కుక్క దగ్గర గేటు వేశాడు. అబ్దుల్లాపూర్‌మెట్‌లో ఉండే మా చెల్లె ఫోన్ చేసి, “అన్నా, మాకు వాకిలి మస్తు పెద్దగున్నది. కుక్కను, చెవులపిల్లిని నాకియ్యరాదు?” అన్నది. మంచి మాటే. కానీ మా అమ్మాయి ఆ మాట విన్నప్పటి నుంచి నాతో మాట్లాడటం తగ్గించి, కుక్కతో మాట్లాడటం పెంచింది. ఇల్లు దొరకకపోతే వీటిని పంచిపెట్టక తప్పదని ముగ్గురికీ తెలుసు.

చివరికి కొత్తపేటలో ఒక ఇల్లు చూశాము. పైన ఓనరమ్మ ఒక్కతే ఉంటుంది. కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడే చాలా కాలంగా ఉన్న పెద్దావిడ. మెట్ల మీద నిలబడి అడిగింది.

“ఏవేం ఉన్నాయయ్యా మీ దగ్గర?”

“ఒక కుక్కమ్మా. ఒక పిల్లి. ఒక చెవులపిల్లి. జత పిట్టలు. చేపలు.”

కుక్క దగ్గర ముఖం ముడిచింది. పిల్లి దగ్గర విప్పింది.

“అయితే రెండు పిల్లులన్నమాట. ఈ మెట్ల కింద ఎలుకలు కాపురాలు పెట్టాయయ్యా. మందు పెడితే అది తిని బలుస్తున్నాయి. ఆ రెండోదానికి చెవులు పెద్దవా?”

“బాగ పెద్దయమ్మా.”

“మంచిదే. చప్పుడు బాగా వినపడుద్ది.”

పేరులోనే పిల్లి ఉంది కాబట్టి రెండు పిల్లులన్న మాట నాకు తప్పుగా తోచలేదు, ఆమె మా చెవులపిల్లిని మెచ్చుకుంటున్నదనుకున్నాను. నా భార్య కూడా అట్లే అనుకుని, “మస్తు హుషారమ్మా అది” అన్నది. ఇల్లు మాదైంది.

సామాను ట్రాలీలో పోయింది, మేము ఆటోలో పోయాము. నా భార్య ఒళ్ళో చేపల బకెట్టు, మా అమ్మాయి ఒళ్ళో చెవులపిల్లి, నా ఒళ్ళో పిట్టల పంజరం, పిల్లి సంచిలో, కుక్క అందరి కాళ్ళ మీద. ఆటో ఆయన అద్దంలో చూసి, “అన్నా, జూపార్కు గిటు కాదు, బహదూర్‌పుర దిక్కు” అన్నాడు. దారంతా నవ్వుతూనే ఉన్నాము. కొత్తింట్లో పాలు పొంగించాము. పొంగి కింద పడ్డవి పిల్లి నాకింది.

కొన్ని వారాలు బాగానే గడిచాయి. ఒక ఆదివారం పొద్దున ఓనరమ్మ కిందికి దిగి వచ్చింది.

“ఏవయ్యా, ఎలుకలు ఎక్కడివక్కడే ఉన్నాయి. మీ పిల్లి చూస్తే ఆ తొట్టి ముందు నుంచి లేవదు. ఆ రెండోదాన్నయినా బయటికి వదలరేం?”

“అది బయటికొస్తే మీ మొక్కలు మిగలవమ్మా” అన్నది నా భార్య.

“పిల్లికి మొక్కలతో ఏం పని?”

“అది ఆకులే తింటది గద.”

“ఆకులు తినే పిల్లా! ఏదీ, చూపించు.”

మా అమ్మాయి సంబరంగా ఎత్తుకొచ్చింది. తెల్లగా, బొద్దుగా, నోట్లో సగం పాలకూర ఆకుతో ఉన్న దాన్ని ఓనరమ్మ పైనుంచి కిందికి చూసింది.

“ఇది కుందేలు కదటే!”

“అవునమ్మా. చెవులపిల్లి.”

“కుందేల్ని పట్టుకుని పిల్లంటారేవిటి? చెవులు పెద్దగా ఉన్న పిల్లనుకున్నాను నేను!”

నల్లగొండ దిక్కు మా ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళం, దాన్ని ఇంకొక పేరుతో పిలవవచ్చని మాకు తట్టనే లేదు. నా భార్యకు నవ్వు ఆగలేదు, కొంగు అడ్డం పెట్టుకుంది. ఓనరమ్మకు మాత్రం నవ్వు రాలేదు.

“రెండు పిల్లులని చెబితేనే కదా కుక్కకి కూడా సరేనన్నాను. ఇదేం పద్ధతయ్యా? ఏదో ఒకటి తేల్చండి. లేకపోతే ఇల్లు చూసుకోండి” అని పైకి వెళ్ళిపోయింది.

మా అమ్మాయి చెవులపిల్లిని దించలేదు. “డాడీ, అత్త దగ్గరికి పంపిస్తవా?” అంది. నేను చాయ్ గ్లాసు పక్కన పెట్టాను.

కూర్చుని ఆలోచించాను. ఆమె తప్పు పట్టుకుందామంటే దొరకలేదు. పదహారు పెట్టెలు పడతాయని చెప్పి పదిహేను పంపితే ఆ ఇంటివాళ్ళు ఊరుకుంటారా? ఆమెకు ఒక పిల్లి తక్కువ పడింది, అంతే.

“ఇంకొక పిల్లిని తెద్దాం” అన్నాను.

నా భార్య నా నుదురు పట్టి చూసింది. “ఉన్నయే ఎక్కువైనయని ఆమె పొమ్మంటుంటే నువ్వు ఇంకోటి తెస్తనంటవేంది?”

“ఎక్కువైనయని ఆమె అనలె. తక్కువైందన్నది.”

నా భార్య లేచింది. ఇంటి తాళం తీసుకుని, “పా” అన్నది.

రైతుబజారు దగ్గర చేపలమ్మే ఒక అక్క ఉంది. ఆమె బండి చుట్టూ ఎప్పుడూ పిల్లులే. సంగతి చెబితే పొట్ట పట్టుకుని నవ్వి, బండి కింద నుంచి ఒకదాన్ని మెడ పట్టి లేపింది. నల్లది, ఒక చెవి చిరిగి ఉంది.

“గీ దాన్ని తీస్కపో అన్నా. చేపలు చూసి చూసి దీనికి మొకం మొత్తింది. ఎలుక తప్ప ఇంకోటి ముట్టది.”

“కరుస్తదా?”

“నిన్నెందుకు కరుస్తది? నువ్వేమన్న ఎలుకవా?”

టైల్స్ పెట్టెకు బెజ్జాలు పెట్టి అందులో తెచ్చాము. ఓనరమ్మను మెట్ల దాకా రమ్మని పిలిచి, ఆమె ముందే మూత తీశాను. పిల్లి బయటికి దూకింది, ఒకసారి వాసన చూసింది, మెట్ల కింది చీకట్లోకి దూరింది. లోపల డబ్బాలు పడ్డాయి. మా కుక్క మొరుగుతుంటే పిట్టలు అందుకున్నాయి. కాసేపటికి నోట్లో ఎలుకతో పిల్లి బయటికి వచ్చి, మా అందరినీ దాటుకుని పోయి, ఓనరమ్మ కాళ్ళ ముందు దాన్ని పడేసింది.

“బాబోయ్, బాబోయ్!” అంటూ ఆమె చీర ఎత్తి పట్టుకుని రెండు మెట్లు ఎక్కింది. భయమనుకున్నాను. చూస్తే నవ్వుతున్నది. “ఇదీ పిల్లంటే! చూశావటయ్యా?”

“చూసిన్నమ్మా. ఇప్పుడు రెండు పిల్లులు. నేను చెప్పిన చెవులపిల్లి...”

“కుందేలు.”

“కుందేలు అదనం.”

ఆమె మా అమ్మాయి వైపు, దాని చేతుల్లో నములుతూనే ఉన్న చెవులపిల్లి వైపు చూసింది. “సరే, ఉండండి. నా మందారాల జోలికొస్తే మాత్రం ఊరుకోను” అన్నది. మా అమ్మాయి పోయి ఆమెను వాటేసుకుంది. మధ్యలో ఇరుక్కున్న చెవులపిల్లి ఓనరమ్మ కొంగు కొసను కొరికి రుచి చూసింది. అదృష్టం కొద్దీ ఆమె గమనించలేదు.

నల్లపిల్లి మా ఇంట్లో ఉన్నది తక్కువ. రెండో వారానికే పైకి కాపురం మార్చింది. ఓనరమ్మ దాని కోసం మెత్తళ్ళు తెప్పించి, వేయించి, అన్నంలో కలిపి పెడుతున్నది. చేపలంటే మొకం మొత్తిన పిల్లి వాటిని గిన్నె మెరిసేదాకా తింటున్నది. నాకు గుబులు పట్టుకుంది. కడుపు నిండిన పిల్లి ఎలుకను పట్టదు, మా తొట్టి ముందున్నదే సాక్ష్యం. సగం తగ్గించి పెట్టమని చెప్పి వద్దామని చెప్పులేసుకున్నాను.

“నోరు మూసుకుని కూసో” అన్నది నా భార్య. “ఆమెకిప్పుడు కావల్సింది పిల్లి. ఎలుకల సంగతి ఎవరడిగిన్రు నిన్ను?”

చెప్పులు విడిచాను. పైనుంచి ఓనరమ్మ గొంతు వినిపించింది. “రావే, రా తల్లీ, తిందువుగాని!” ఆ పిలుపుకు కింద మా కుక్క లేచింది, తొట్టి ముందు నుంచి పిల్లీ లేచింది. రెండూ వరుసగా మెట్లెక్కి పోయాయి. ఆ పిలుపు వాటికి కాదని చెప్పడానికి మాలో ఎవరమూ లేవలేదు.