మీకీ నంబరెవరిచ్చారు?

మా మావయ్యకి అనుమానం. ఫలానా దాని మీద అని కాదు, అన్నిటి మీదా. పొద్దున్నే వాన పడితే "ఇంత పెందరాళే దీనికేం పని?" అని కిటికీలోంచి మబ్బుని నిలదీసేవాడు. ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే జేబు తడుముకునేవాడు. డాక్టరు "మీకేం జబ్బు లేదండీ" అంటే, "ఏదో దాస్తున్నాడు" అని ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళేవాడు.

ఆయనది తాళాలు బాగుచేసే దుకాణం. తాళంచెవి పోగొట్టుకుని ఏడుపుమొహంతో వచ్చినవాణ్ణి స్టూలు మీద కూర్చోబెట్టి, "ఆ ఇల్లు నీదేనని ఏమిటి నమ్మకం?" అని మొదలుపెట్టేవాడు. "వంటింటి కిటికీ ఏ వైపుంది? మంచం కింద ఏముంది?" చివరికి సొంతిల్లు తనదేనా కాదా అన్న అనుమానం ఆ మనిషికే పట్టుకునేది.

"మా పెళ్ళిలోనూ ఇంతే," అనేది అత్తయ్య. "నన్ను ఎగాదిగా చూసి, పిల్లని మార్చలేదు కదా అని మా నాన్ననడిగారు."

చదువు ముగించి, ఉద్యోగం వెతుక్కుంటూ నేను వాళ్ళింట్లోనే ఉండేదాన్ని. నా చిక్కల్లా ఫోను. ఎదురుగా మనిషి ఉంటే ఇంగ్లీషు బాగానే వచ్చేది. ఫోన్లో ముక్కూమొహం తెలియని గొంతు "టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్" అనగానే, నా గురించి నాకే ఏమీ తెలియకుండా పోయేది. రెండు ఇంటర్వ్యూలు అలాగే మంటగలిశాయి. రెండోసారి అవతలావిడ "లైన్ కట్టయినట్టుంది" అని తనే పెట్టేసింది. నేను లైన్లోనే ఉన్నాను.

మూడోది ఒక పెద్ద హోటల్లో గదుల బుకింగు చూసే ఉద్యోగం. ముందు స్పోకెన్ ఇంగ్లీషు పరీక్ష, నెగ్గితే ఫోన్ ఇంటర్వ్యూ. పరీక్ష పెట్టేది మనిషి కాదు, యంత్రం. అది చెప్పిన వాక్యాన్ని మనం తిరిగి చెప్పాలి. మావయ్య కళ్ళు చిన్నవయ్యాయి.

"దానికి ఆ మాట ముందే తెలుసుగా? మళ్ళీ నీచేత ఎందుకు చెప్పిస్తోంది?"

"నా ఉచ్చారణ చూడ్డానికి మావయ్యా."

"చూడ్డానికా, పట్టుకుపోవడానికా? జాగ్రత్త పిల్లా. సగం గొంతుతో చెప్పు."

సగం గొంతుతో చెబితే యంత్రం "ప్లీజ్ స్పీక్ అప్" అంది. "చూశావా, ఎంత ఆత్రమో దానికి!" అన్నాడు మావయ్య. నవ్వు తన్నుకొచ్చి నిండు గొంతుతోనే చెప్పేశాను. పరీక్ష గట్టెక్కాను. ఇక మిగిలింది మనిషి.

ఆ మర్నాటినుంచి మొదలయ్యాయి వింత ఫోన్లు. ఒకడు నీళ్ళ ఫిల్టరు అమ్ముతానన్నాడు. ఒకావిడ లైబ్రరీ సర్వే అంది. ఇంకొకాయన రాంగ్ నంబరంటూనే ఎంతకీ పెట్టేయడు. అందరిదీ ఇంగ్లీషే. నేను పెట్టెయ్యబోతే మావయ్య పక్కన వాలేవాడు.

"పెట్టెయ్యకు! నంబరెవరిచ్చారో అడుగు. ఇంగ్లీషులోనే అడుగు. ఏ భాషలో మోసం చేస్తే ఆ భాషలోనే పట్టుకోవాలి."

మొదట్లో "హూ... గేవ్..." అని నసిగేదాన్ని. పోనుపోను "విచ్ ఆఫీస్? వాట్ అడ్రస్? వై షుడ్ ఐ బిలీవ్ యూ?" అని దంచెయ్యడం అలవాటైంది. ఫిల్టరువాడైతే నా ధాటికి తట్టుకోలేక, అది పెద్దగా పనిచెయ్యదని ఒప్పేసుకున్నాడు.

"వీళ్ళకి వేరే పనిలేదా మావయ్యా?"

"నాకూ అదే అనుమానం," అన్నాడు టీ ఊదుకుంటూ.

ఇంటర్వ్యూ రోజు ఫోన్ మోగింది. "టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్" అంది మగగొంతు. నోటికి అలవాటైపోయింది కదా! "ఫస్ట్ యూ టెల్ మీ. హూ గేవ్ యూ దిస్ నంబర్?" అనేశాను.

అత్తయ్య నెత్తిన చెయ్యి పెట్టుకుంది. అవతల పెద్ద నవ్వు. "యూ గేవ్ ఇట్, మేడమ్. ఇన్ యువర్ అప్లికేషన్."

నాకూ నవ్వొచ్చింది. ఆ నవ్వుతో భయం ఎటు పోయిందో పోయింది. తీరిగ్గా మాట్లాడుకున్నాం. సాయంత్రానికి ఉద్యోగం వచ్చినట్టు కబురొచ్చింది.

పరుగున దుకాణానికి వెళ్ళాను. పళ్ళ డాక్టరమ్మ ఒకావిడ తాళంచెవి కోసం కూర్చుని ఉంది. "మావయ్యా, వచ్చేసింది!" అని నేను అరవగానే ఆవిడ దిగ్గున లేచింది.

"ఈ గొంతు... నువ్వేనా? లైబ్రరీ సర్వే నేనేనమ్మా! ఎంత ఏడిపించావు నన్ను!"

మావయ్య చటుక్కున తాళంలోకి తల దూర్చాడు.

"మావయ్యా! వాళ్ళందరిచేతా నువ్వే చేయించావా?"

"నేనేనని రుజువేంటి?"

"ఆయనే," అంది డాక్టరమ్మ. "తాళాలకొచ్చినవాళ్ళలో ఇంగ్లీషు తెలిసినవాళ్ళనల్లా పట్టుకున్నాడు. ఊరికే నంబరిచ్చాడనుకున్నావా? మా పక్కింటివాళ్ళ దగ్గర వాకబు చేశాడు. ఒకతన్ని మరీ తియ్యగా మాట్లాడుతున్నాడని తీసేశాడు. నీకు ఫోన్ చెయ్యడానికి మాకు ఇంటర్వ్యూ పెట్టాడమ్మా మీ మావయ్య!"

మావయ్య తలెత్తకుండానే, "అంత తొందరగా ఉద్యోగం ఎందుకిచ్చారో కనుక్కున్నావా?" అన్నాడు.

డాక్టరమ్మ కాస్త మొహమాటపడుతూ, "మా చెల్లికీ ఇలాంటి ఇంటర్వ్యూనే ఉంది. ఫోనంటే వణికిపోతుంది," అంది.

"సొంత చెల్లేనా?" అని మావయ్య ఆరా తీశాడు. తృప్తిపడ్డాక నావైపు తిరిగాడు. "నువ్వు చెయ్యి."

నంబరు నొక్కాను. అవతలినుంచి సన్నగా, వణుకుతూ "హలో" వినిపించింది. నేను గొంతు గంభీరంగా పెట్టి, "ఐ యామ్ కాలింగ్ ఫ్రమ్ ది వాటర్ ఆఫీస్" అని మొదలుపెట్టాను.

మావయ్య నా రెండో చెవి దగ్గరికి వంగి గుసగుసగా అన్నాడు:

"గొంతులో జాలి తెలిసిపోతోంది. దాచుకో."