తలుపు బల్ల

సెమరాంగ్ నగరంలో సముద్రపు ఒడ్డు పేటలో పోటునీళ్లు ఇళ్లలోకి వచ్చినప్పుడల్లా జనం నేల ఎత్తు చేసుకుంటారు. దాంతో గుమ్మం పొట్టిదై పాత తలుపు పట్టదు. వడ్రంగి సర్కుమ్‌కి ఆ తలుపులే బల్లచెక్కలు. కాళ్లు పాత సామాన్ల అంగట్లో ఏరుకొచ్చిన కుట్టుమిషన్లవి. ప్రతి చెక్కనూ మూడుసార్లు తట్టి, చెవి ఆనించి, తనలో తాను నవ్వుకుంటాడు. సుమినెం అవ్వ, తన వీధితలుపును కోడలు అతనికిచ్చేసిందని వారం రోజులు అలిగింది. "నా తలుపు మీద అన్నం తింటారుటే!" అని దులిపేసింది. బల్ల ఇంటికొచ్చినా అవ్వ వంటింట్లోంచి కదల్లేదు. "గట్టిగా ఉందా అన్నా?" అని కోడలు అడిగితే సర్కుమ్ అలవాటుగా మూడుసార్లు తట్టాడు. "ఎవరు నాయనా? వస్తున్నా!" అంటూ అవ్వ చేతులు తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చింది. బల్లను చూసి నాలిక కరుచుకుంది. "సర్లే, తట్టావుగా. కూర్చో, తిని వెళ్దువుగాని," అంది.