మా నాన్నకి నిజంగానే ఫిడేలు రాదు

నా చిన్నప్పుడు మా నాన్న ఫిడేలు నేర్చుకున్నాడు. అసలు నేర్చుకోవాల్సింది నేను. విజయనగరంలో మా ధాన్యం కొట్టు వెనక వీధిలో ఒక సంగీతం మాష్టారమ్మ ఉండేవారు. మా అమ్మ కొత్తగా కాపరానికి వచ్చిన రోజుల్లో మేడ మీద బట్టలారేస్తూ ఆవిడ ఫిడేలు వినేదట. ఆడపిల్ల పుడితే అక్కడ చేర్పించాలని అప్పుడే అనుకుందట. నాకు ఏడేళ్లు నిండగానే నాన్న చేత నన్ను అక్కడికి పంపించింది. తమ్ముడు చంటివాడు కనక తను రాలేకపోయింది.

మాష్టారమ్మకి ఒక షరతు ఉంది. పిల్లతో పాటు ఇంట్లోంచి ఒక పెద్దమనిషి కూడా వచ్చి నేర్చుకోవాలి. పెద్దమనిషి మానేస్తే పిల్లకీ పాఠం ఉండదు. రోజూ సాధన చేయించాల్సింది ఇంట్లోవాళ్లే కదా, తెలియని విద్యని వాళ్లేం సాధన చేయిస్తారు అని ఆవిడ వాదన. మా నాన్నకి ఈ సంగతి అక్కడికి వెళ్లాకే తెలిసింది.

"దాందేటుందండి, నాను పక్కన కూకుంటాను" అన్నాడు.

"కూచోడం కాదు షావుకారుగారూ. వాయించాలి. పిల్లకంటే ముందు మీరే వాయించాలి."

నాన్న నా వైపు చూశాడు. అప్పటికే నేను గోడవారనున్న ఫిడేలు తీగని చూపుడు వేలితో ఒకసారి మీటి, ఆ శబ్దానికి నోరు తెరుచుకుని ఉన్నాను. ఆ తెరిచిన నోరు చూసే ఒప్పుకున్నానని తర్వాత ఎన్నోసార్లు చెప్పాడు.

మొదట్లో ఫిడేలు నాన్నకే. నాకు తాళం వెయ్యడం, స్వరాలు పాడడం మాత్రమే. పెద్దవాళ్ల చేతిలో చూసి చూసి పిల్లకి చెయ్యి దురద పెట్టాలి, అప్పుడే ఇస్తాను అనేవారు మాష్టారమ్మ. నాన్న చేతిలో చూస్తే మాత్రం దురద కంటే నవ్వే ఎక్కువ వచ్చేది. బాసింపట్టు వేసుకుని, ఫిడేలు ఒక కొస కుడి పాదం మీద, రెండో కొస ఎడమ భుజానికి ఆనించి కూర్చోవాలి. మధ్యలో మా నాన్న పొట్ట ఉండేది. దాన్ని చుట్టుకుని ఫిడేలు వెళ్లదు, ఫిడేలు కోసం అది తగ్గదు. ఇక కమాను. ధాన్యం బస్తాలోకి పొడిచి గింజలు లాగి చూసే ఇనుప గొట్టం ఒకటి మా కొట్లో ఉండేది. ఇరవై ఏళ్లుగా అది పట్టుకున్న చెయ్యి కమానుని కూడా అలాగే పట్టుకుని తీగల మీద పొడిచేది.

వీటన్నిటినీ మించింది తాళం. మా కొట్లోకి కాటా వచ్చాక కూడా చిల్లరగా కొనేవాళ్లకి కుంచంతోనే కొలిచేవారు. కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. కుంచం నిండి గోతంలోకి ఒంపేదాకా లెక్క మరిచిపోకుండా ఆ మాటే పాడుతూ ఉంటారు. లాభం, లాభం, లాభం. తర్వాత రెండు, రెండు, రెండు. నిండడానికి ఎంతసేపు పడితే అంతసేపూ రెండే. నాన్నకి ఊహ తెలిసినప్పటి నుంచి వచ్చిన లెక్క అది. ఆది తాళం వేస్తూ ఎనిమిది అంకెలు పైకి చెప్పమంటే "లాభం" అని మొదలుపెట్టాడు. మాష్టారమ్మ పెదవి కొరుక్కుని ఊరుకున్నారు. కానీ రెండు దగ్గర ఆగిపోయాడు. రెండు, రెండు, రెండు అంటూ కమాను లాగుతూనే ఉన్నాడు.

"మూడుకి వెళ్లరేమండీ?" అన్నారావిడ.

"నిండలేదండి."

"ఏమిటి నిండనిది?"

"సొరమండి. సగానికే వచ్చినాది. అలా ఎత్తేస్తే అన్నేయం కదండీ."

మాష్టారమ్మ పమిట ముఖానికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయారు. మంచినీళ్లు తాగి వచ్చాక నన్ను నాన్న పక్కన కూర్చోబెట్టి, "ఇకనుంచి మీ నాన్న మోకాలి మీద తాళం వెయ్యడం నీ పని" అన్నారు. నాకు అంకెలంటే అప్పుడే ఇష్టం. శ్రద్ధగా ఎనిమిది వేసేదాన్ని. అందులో నాన్న పదకొండు పట్టించేవాడు. ఎలా పట్టించాడో ఇప్పటికీ నాకు లెక్క తేలలేదు.

వానాకాలం వెళ్లేసరికి నా చేతికి చిన్న ఫిడేలు వచ్చింది. చలికాలానికి నేను నాన్నని దాటిపోయాను. ఇంట్లో సాయంత్రం పూట ఇద్దరం ఎదురెదురుగా చాప మీద కూర్చునేవాళ్లం. స రి గ మ ప వరకూ నాన్న ఎలాగో లాక్కొచ్చేవాడు. ద దగ్గర ఆ లావు వేలు తీగ మీద జరగాల్సిన దానికంటే ఎక్కువ జరిగిపోయేది. నేను ఆ వేలు పట్టుకుని వెనక్కి జరిపేదాన్ని. బళ్లో నన్నెవరూ ఏదీ అడిగేవారు కాదు. ఇంట్లో మాత్రం కొట్లో బస్తాలు మోసే కళాసీల మీద కేకలేసే మనిషి నా వైపు తిరిగి "ఇదేనా అమ్మీ, ఇంకా ఇటా?" అని అడిగేవాడు. ఆ గొప్పతో నేను మర్నాటి పాఠం కూడా ముందే చూసుకునేదాన్ని, నాన్న అడిగితే చెప్పాలి కదా అని.

బజారు మాత్రం మా నాన్నని వదల్లేదు. గజపతినగరం వైపు నుంచి ధాన్యం తెచ్చిన రైతు ఒకాయన గుమ్మంలో నిలబడి, "బావూ, లోపల్ల పిల్లి దేన్లోనో ఇరుక్కుపోనాది, సూడండి" అన్నాడు. "పిల్లి కాదురా, నానే" అంటూ నాన్న బయటికి వచ్చాడు. పక్క కొట్టు బెల్లం వ్యాపారి నాన్నకి వరసకి బావ. ఆయన రోజుకో మాట అనేవాడు. "ఒరే బావా, ఆడగుంట వాయిస్తే ముచ్చట. నీకేటిరా ఈ వయసులో ఈ రోత? నీ దెబ్బకి నా బెల్లం కారిపోతన్నాది." నాన్న మొదట్లో తనూ నవ్వేవాడు. తర్వాత నవ్వడం మానేశాడు. ఒకనాటి సాయంత్రం ఫిడేలు గుడ్డలో చుట్టి గోడకున్న మేకుకి తగిలించి, "నా వల్ల కాదే. బజార్లో తలెత్తలేకపోతన్నాను" అన్నాడు అమ్మతో. అమ్మ నా వైపు చూసింది. నాన్న మానేస్తే నా పాఠమూ అయిపోయినట్టే. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు.

మర్నాడు మా మేనత్త వచ్చింది, తన తమ్ముడు, అంటే మా నాన్న, వీధిలో పరువు తీస్తున్నాడని నిలదీయడానికి. అప్పుడు నాన్న ఇంట్లో లేడు. అమ్మ మా చంటివాడికి స్నానం చేయిస్తూ తల ఎత్తకుండా ఒక మాట చెప్పింది.

"అదేటి వదినా, ఆయనకి ఎప్పుడో వచ్చేసింది కదా. గుంట సరిదిద్దతాదని కావాలని తప్పు వాయిస్తన్నారు. అలాగైతేనే పిల్లలకి బాగా వస్తాదంట. మీరు ఎవులకీ సెప్పకండేం."

ఎవరికీ చెప్పవద్దంటే మా మేనత్త ఎలా చెబుతుందో అమ్మకి బాగా తెలుసు. పొద్దు గుంకేలోగా బజారంతా పాకింది. బెల్లం బావ స్వయంగా మా కొట్టుకొచ్చి నాన్న చేతులు పట్టుకున్నాడు. "ఎంత గుట్టుగా ఉంచావురా! మేవేటో ఎర్రోళ్లలాగ నవ్వినాం. ఒక్కసారి సరిగ్గా వాయించి సూపించరా బావా." నాన్న అయోమయంగా చుట్టూ చూశాడు. ఇంట్లోకి వెళ్లే తలుపు చాటు నుంచి అమ్మ కళ్లతో ఏదో చెప్పింది. నాన్న గొంతు సవరించుకుని, "ఇప్పుడు కాదులే" అన్నాడు. ఆ సాయంత్రం మేకు మీది ఫిడేలు కిందికి దిగింది.

అయితే అమ్మ మాటలు నేనూ విన్నాను. నమ్మాను కూడా. ఒళ్లు మండిపోయింది. రోజూ ఆ వేలు పట్టుకుని వెనక్కి జరిపి, నేను నేర్పుతున్నానని మురిసిపోయినదంతా నాటకమేనా? నాన్న లోలోపల నవ్వుకుంటూ ఉన్నాడా? చాప పరిచి పిలిస్తే వెళ్లలేదు. పాఠానికి రమ్మంటే కడుపు నొప్పి అన్నాను. "నువ్వే ఎల్లు, నీకు వచ్చు కదా" అన్నాను. నాన్నకి ఏమీ అర్థం కాలేదు. అమ్మకి అర్థమైంది కానీ నాకు నిజం చెబితే నా నోట్లోంచి బజారుకెక్కుతుందని భయం. మొగుణ్ణి నిలబెట్టిన అబద్ధం కూతుర్ని పడగొట్టింది. రెండు రోజులు చూసి మాష్టారమ్మ కబురు పంపారు, ఇద్దరూ రాకపోతే వేరే పిల్లని చేర్చుకుంటానని.

నాకు లెక్క తేలకపోతే స్థిమితంగా ఉండదు, అప్పుడైనా ఇప్పుడైనా. నాన్న నన్ను మోసం చేశాడా లేదా అన్నది తేల్చుకోవాలి. మధ్యాహ్నం అన్నాలకి కొట్టు కట్టేశాక నాన్న ఒక్కడే ఫిడేలు పట్టుకుని గిడ్డంగిలోకి వెళ్లడం ఆదివారం నాడు చూశాను. వెనక తలుపు నుంచి దూరి బస్తాల చాటున నక్కాను. ఎవరూ లేనప్పుడు సరిగ్గా వాయిస్తాడు కదా, పట్టేసుకుందామని.

వాయించడం మొదలుపెట్టాడు. ఇంట్లో వాయించిన దానికంటే ఘోరంగా ఉంది. స రి గ మ ప వచ్చాయి. ద దగ్గర వేలు జారింది. ఆగి మొదటి నుంచి ఎత్తుకున్నాడు. మళ్లీ అక్కడే జారింది. "ఓరి దరిద్రుడా, మళ్లీ అక్కడే పడ్డావా" అని తన వేలిని తనే తిట్టుకున్నాడు. ఆ వేలిని రెండో చేత్తో పట్టుకుని, నేను జరిపినట్టే వెనక్కి జరుపుకున్నాడు. వదిలేయగానే అది యథాస్థానానికి పోయింది. నేను బస్తాల చాటున ఆలోచించాను. కావాలని తప్పు చేసేవాడు ఒక్కోసారి ఒక్కో చోట చేస్తాడు. రానివాడు మాత్రం ఎప్పుడూ ఒకే చోట పడతాడు. లెక్క తేలిపోయింది. ప్రాణం లేచి వచ్చింది. అంతలో ధాన్యం నూగుకి తుమ్ము కూడా వచ్చింది.

"ఎవులది?" అని నాన్న కమాను కర్రలా ఎత్తాడు.

నేను బయటికి వచ్చి, "నాన్నా, నీకు నిజంగానే రాదా?" అన్నాను.

నాన్న కమాను దించాడు. తలగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు. "రాదే అమ్మీ. ఎంత సేసినా రాదు. మీ అమ్మేదో సెప్పేసింది గానీ, నాకు ఇంతే."

"మరి ఒక్కడివీ ఎందుకు వాయిస్తన్నావు?"

"సాయంత్రం నీకు మరీ ఎక్కువ పని పెట్టకూడదని."

వెళ్లి పక్కన కూర్చుని ఆ వేలు పట్టుకుని వెనక్కి జరిపాను. ఆ సాయంత్రం ఇద్దరం పాఠానికి వెళ్లాం.

ఆ యేడు శ్రీపంచమికి, సరస్వతీ పూజ నాడు మాష్టారమ్మ ఇంటి సావిట్లో పిల్లా పెద్దా జంటగా వాయించాలి. సంగతి తెలిసి బజారంతా దిగింది. షావుకారు అసలు వాయింపు వినాలని బెల్లం బావ ముందు వరసలో కూర్చున్నాడు. ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడు అమ్మ కొబ్బరినూనె గిన్నె తెచ్చింది. "కమానుకి రెండు సుక్కలు రాసేస్తే సప్పుడు రాదండీ. మీరు చెయ్యి ఆడించండి, పిల్ల వాయించేస్తాది." ఆ మాట చెప్పేటప్పుడు అమ్మ ముఖం చూడాలి, బజారుకి తనే కట్టిన కథ కదా. నాన్న కాసేపు ఆ గిన్నె వైపే చూశాడు. "వద్దులే. వుత్త కుంచం ఎత్తి పోసినట్టుంటాది" అని గిన్నె పక్కకి నెట్టేశాడు.

వాయించాం. ప దాకా కలిసే వెళ్లాం. తర్వాత నాన్న వేలు జారింది, సావిడంతా వినపడేలా. నేను ముందుకు వెళ్లిపోవచ్చు. వెళ్లలేదు, ఆగాను. తాళం వేస్తున్న మాష్టారమ్మ చెయ్యి కూడా గాల్లోనే ఆగింది. నాన్న వేలు సర్దుకుని వచ్చి కలిశాడు. మళ్లీ జారాడు, మళ్లీ ఆగాం. నాలుగు వరుసలూ అలాగే పూర్తి చేశాం.

ముందు వరసలో బెల్లం బావ కళ్లు ఒత్తుకుంటున్నాడు. "సూసినారా? ఇంతమందిలో కూడా గుంట కోసం తప్పే వాయించినాడు. ఏటి మనిషి రా బాబూ!"

నాన్న కమాను కింద పెట్టి లేచాడు. "లేదురా బావా. అదంతా ఉత్తిదే. నాకు నిజంగానే రాదు. ఈ పిల్లే నాకు నేర్పతన్నాది, నాకు ఇంతవరకే వచ్చినాది" అన్నాడు, అందరికీ వినపడేలా.

బెల్లం బావ అందరి వైపూ తిరిగాడు. "సూసినారా, ఇప్పుడు కూడా ఒప్పుకోడు."

నాన్న ఎంత చెప్పినా ఎవరూ నమ్మలేదు. చెప్పిన కొద్దీ వాళ్లకి ఆయన మీద గౌరవం పెరిగిపోయింది. ఆడవాళ్లలో కూర్చున్న మా అమ్మ కొంగులో ముఖం దాచుకుని ఊగిపోతూంటే, పక్కావిడ ఏడుస్తోందనుకుని వీపు నిమిరింది.

నాన్న ఆ పాఠాలు దాటి ఎక్కువ దూరం వెళ్లలేదు. నేను కీర్తనల వరకూ వెళ్లాను, అది కూడా గొప్పగా ఏం కాదు. చదువు పెద్దగా సాగలేదు. తర్వాత కొట్టు లెక్కలు నా మీద పడ్డప్పుడు వడ్డీలు, తరుగులు, శాతాలు అన్నీ నాకు నేనే నేర్చుకున్నాను. నలుగురి ముందూ కూడిక తప్పు చెప్పి, వాళ్లు నవ్వితే ఎక్కడ తప్పానో అడిగి, మళ్లీ కూడేదాన్ని. సిగ్గుగా ఉండేది కాదు. అంత పెద్ద మనిషి నా ముందు రోజూ ఒకే చోట తప్పి, నా వేలు కోసం చెయ్యి చాపడం చూసి పెరిగాను మరి.

మొన్న మా మనవరాలిని కీబోర్డు క్లాసులో చేర్పించారు. పిల్లల్ని లోపలికి పంపి పెద్దవాళ్లంతా బయట బల్ల మీద ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారు. నేను లోపలికి వెళ్లి నాకూ ఒక కుర్చీ వెయ్యమన్నాను. "మీకెందుకండీ?" అన్నాడు నేర్పే కుర్రాడు. నాకూ రాదు బాబూ, ఇద్దరికీ కలిపి చెప్పు అన్నాను. అతను మనవరాలి వైపు చూశాడు. అది అప్పటికే పక్కకి జరిగి, తను కూర్చున్న బల్ల మీదే నాకు చోటిచ్చింది.