చింతపండుతో తోమిన దేవదూత

మా ఇంట్లో బైబిలు పక్కన ఒక కంచు పతకం ఉండేది. మొదటి ప్రపంచ యుద్ధంలో బస్రా దాకా వెళ్లొచ్చిన ముత్తాతకు తెల్లదొరలు ఇచ్చింది. దాని మీదున్న రెక్కల బొమ్మను దేవదూత అనుకుని, ప్రతి క్రిస్మస్‌కీ అమ్మ చింతపండుతో తోమి మా అందరి చేతా ముద్దు పెట్టించేది.

ఐర్లండ్‌లోని స్లైగోలో నేను కేరర్‌గా చూసుకునే ముసలాయన వంటింట్లో, వాళ్లు ప్రెస్ అనే అలమర తలుపు తీసి సర్దుతుంటే, టీ డబ్బాల వెనక అచ్చం అలాంటిదే దొరికింది.

"దేవదూతను ఇక్కడ దాచారేంటి?" అన్నాను.

"దేవదూతా! అది విజయం బొమ్మమ్మా. యుద్ధానికి పోయిన ప్రతివాడికీ పంచిపెట్టారు," అన్నాడాయన. "ఎక్కడో యువరాజును కాల్చారని దేశాలు ఒకదాని వెంట ఒకటి కలబడ్డాయి. మా తరఫున పోరాడండి, మీ పాలన మీకిస్తామని ఇంగ్లీషువాళ్లు మా నాన్నను పట్టుకెళ్లారు. ఇచ్చింది ఇదే. తిరిగొస్తే, ఇంగ్లీషు సైన్యంలో పనిచేశాడని ఊరు కూడా మొహం చాటేసింది."

నాకు ఒళ్లు మండిపోయింది. మా ముత్తాత చేత కూడా ఆ మాట చెప్పే తుపాకీ పట్టించారు.

వీళ్లు కనీసం ఆ మోసాన్ని డబ్బాల వెనక దాచారు. మేం ఏటేటా తళతళలాడేలా తోమి ముద్దు పెట్టుకున్నాం.