తూచిన బస్తాలు, తూచని బస్తాలు

తిత్లీ తుఫాను మా తీరం దాటి వెళ్ళిన నాలుగు నెలలకు, ఫిబ్రవరిలో, టెక్కలి సివిల్ కోర్టు ఒక దావాలో నన్ను అడ్వొకేట్ కమిషనర్‌గా నియమించింది. అప్పటికి నేను అక్కడ ప్లీడరుగా ముప్ఫై ఏళ్ళకు దగ్గరపడ్డాను. కొత్తలో కమిషన్ వస్తే ఫీజు దొరుకుతుందని సంబరపడేవాణ్ణి. ఈసారి వారంటు కాగితం చేతికి రాగానే మొదట చూసుకున్నది ఊరు ఎంత దూరమన్నది. వజ్రపుకొత్తూరు మండలంలో, సముద్రానికి కాస్త ఇవతల. పలాస దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. మోకాళ్ళ నొప్పితో ఒక రోజంతా పోతుందని లెక్క వేసుకున్నాను.

కమిషనర్ పని చాలామంది అనుకునేంత పెద్దదేమీ కాదు. జడ్జి స్వయంగా వెళ్ళి సరుకు చూడలేరు కనుక, రెండు పక్షాలతోనూ సంబంధం లేని ప్లీడరును పంపుతారు. అతను చూడాలి, లెక్కపెట్టాలి, ఉన్నది ఉన్నట్టు రాసి దాఖలు చేయాలి. ఎవరిది న్యాయమో చెప్పే అధికారం అతనికి లేదు. ఎవరికీ సలహా చెప్పకూడదు. నా వారంటులో మూడు అంశాలు ఉన్నాయి: షెడ్డులో బస్తాలు ఎన్ని, వాటిలో కొనుగోలుదారు గుర్తు ఉన్నవి ఎన్ని, సరుకు ఏ స్థితిలో ఉంది. కుళ్ళిపోతున్న సరుకు కనుక త్వరగా చూసి రమ్మని కోర్టువారు తొందరపెట్టారు. నేను చూసి రాసుకున్నాక దాన్ని పారబోయడానికి అనుమతి ఇస్తారు.

దావా వేసినావిడ పేరు తులసమ్మ. యాభై దాటిన మనిషి. ఆమె భర్త చుట్టుపక్కల తోటల్లో జీడి పిక్కలు, అంటే పెంకు తీయని గింజలు, సేకరించి పలాస ఫ్యాక్టరీలకు అమ్మేవాడు. ఆయన పోయాక ఆ వ్యాపారం ఆమే నడుపుకొస్తోంది. కొన్నాయన లోకనాథం, ఆమె ఆడపడుచు భర్త. పలాసలో చిన్న జీడి ఫ్యాక్టరీ ఉంది. ఆమె ఆయన్ని అన్నయ్యా అని పిలుస్తుంది. ఇద్దరి మధ్య ఏనాడూ కాగితం లేదు. ధర నోటిమాట మీద కుదిరేది. సరుకు ఆమె షెడ్డులోనే కాటా వేసి అప్పగించే బాధ్యత అమ్మేవాళ్ళది. కాటా మనిషి షావుకారు, అంటే లోకనాథం, తరఫున వచ్చినా, అతని కూలి ఆమే ఇచ్చేది. తూచిన ప్రతి బస్తా మీదా అతను ఆకుపచ్చ రంగుతో 'లో' అని రాసి, కింద వరుస సంఖ్య వేస్తాడు. ఆ తర్వాత లారీ వచ్చి ఎత్తుకుపోతుంది.

ఆ ఏడాది తొంభై బస్తాలకు బేరం కుదిరింది. కాటా మొదలైన రోజు గడిచి తెల్లవారకముందే తుఫాను వచ్చింది. షెడ్డు రేకులు లేచిపోయి బస్తాలన్నీ నానిపోయాయి. నష్టం ఎవరిది అన్నది దావా.

దీనికి సరుకుల విక్రయ చట్టంలో సూటిగా జవాబు ఉంది. సరుకు ఎవరి సొత్తో, దానికి వచ్చే నష్టం కూడా వాళ్ళదే. ధర తేలడానికి అమ్మేవాళ్ళు తూకం వేయించాల్సి ఉంటే, తూకం పూర్తయి ఆ సంగతి కొనేవాళ్ళకు తెలిసేదాకా సొత్తు చేతులు మారదు. కనుక తూచిన బస్తాలు మునిగితే లోకనాథానికి నష్టం, తూచనివి మునిగితే తులసమ్మకు. సరుకు ఎక్కడ ఉంది, ఎవరి రేకుల కింద ఉంది అన్నదానితో పని లేదు.

తొంభై బస్తాలూ తూచి గుర్తు వేశారని తులసమ్మ ప్లెయింట్‌లో ఉంది. ప్లెయింట్ అంటే దావా వేసినవాళ్ళు తమ కథ మొత్తం చెప్పుకునే మొదటి కాగితం. ఒక్క బస్తా కూడా తూచలేదని లోకనాథం జవాబులో ఉంది. రెండూ చదివి, నిజం ఈ రెండింటికీ మధ్య ఎక్కడో ఉంటుందని అనుకున్నాను. అది తెలివితేటలు కాదు, ఇలాంటి కాగితాలు చదివీ చదివీ వచ్చిన అలవాటు.

వెళ్ళే దారిలో కూలిన జీడిచెట్లను రంపాలతో కోసి ఇంకా బళ్ళకెత్తుతూనే ఉన్నారు. షెడ్డు దగ్గరికి చేరేసరికి ఇరుపక్షాల వాళ్ళూ ఉన్నారు. లోకనాథం తనతో కాటా మనిషి గున్నయ్యను తీసుకొచ్చాడు. అతనికి అరవై ఉంటాయి, ముప్ఫై ఏళ్ళుగా పలాస ఫ్యాక్టరీలకు కాటా వేస్తున్నాడు. తులసమ్మ తరఫు ప్లీడరు రాలేదు, జూనియర్ని పంపారు. ఆ జూనియరు వాసనకు తట్టుకోలేక గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. నానిన పిక్కల నుంచి కారిన నల్లటి జిడ్డు గోనెల మీద చారలుగా దిగి ఎండిపోయి ఉంది. కొన్ని బస్తాల్లోంచి మొలకలు పైకి వచ్చి, అవీ వాడిపోయాయి.

బస్తాలు తొంభై ఉన్నాయి. అన్నింటి మీదా 'లో' ఉంది, ఒకటి నుంచి తొంభై దాకా అంకెలు ఉన్నాయి. లోకనాథం ముఖం వాడిపోయింది. జూనియరు రాసుకోవడం మొదలుపెట్టాడు.

నేను మళ్ళీ ఒకటో నంబరు నుంచి చూడడం మొదలుపెట్టాను. యాభై రెండో నంబరు దాకా నల్లటి చార రంగు మీదుగా దిగి, అక్షరాన్ని సగం కప్పేసింది. యాభై మూడు నుంచి అలా లేదు. చార కింద ఉంది, రంగు దాని మీద ఉంది. అంటే ఆ ముప్ఫై ఎనిమిది బస్తాల మీద రంగు వేసింది తుఫాను తర్వాత. ఇది కనిపెట్టడానికి చదువు అక్కర్లేదు. వంగి చూడాలి, అంతే. నాకు వంగడమే కష్టమైంది.

గున్నయ్యను పిలిచి, ఈ రాత నీదేనా అని అడిగాను. అతను ముందు లోకనాథం వైపు చూశాడు, తర్వాత తులసమ్మ వైపు. బస్తాల వరుస వెంట నడుస్తూ వెళ్ళి యాభై రెండో దాని మీద చెయ్యి వేశాడు.

"ఇక్కడి దాకా నా సెయ్యి బాబూ. నానే తూసినాను. ఇటు పక్కవి నా సెయ్యి కాదు."

ఆ ఒక్క మాటతో ఇద్దరి కాగితాలూ అబద్ధమయ్యాయి. లోకనాథం బయటికి వెళ్ళి ఆటోలో కూర్చున్నాడు. తులసమ్మ కదలలేదు. జూనియరు ఆమెను మాట్లాడొద్దని సైగ చేశాడు గాని ఆమె పట్టించుకోలేదు.

"మిగతావి నానే రాసినాను ప్లీడరు బాబూ. కాశీబుగ్గలో రంగు డబ్బా కొని తెచ్చినాను."

మీరు చెప్పింది నేను రాయాల్సి వస్తుందమ్మా అన్నాను.

"రాసీండి. అన్నయ్య ఒక్కటీ తూయనేదని కబురెట్టినాడు. మా కళ్ళ ముందర తూసి, నేదన్నాడు. యాభై రెండు పోగొట్టుకోడానికి నాకు మనసొప్పనేదు. ఆయన అన్నీ నేదంటే నాను అన్నీ అన్నాను."

ఆ సరుకులో సగం ఆమె డబ్బిచ్చి కొన్నది కాదు. ఊళ్ళో రైతులు ఆమెను నమ్మి తెచ్చి పోసినది. ఆ సంగతి ఆమె చెప్పుకోలేదు, గున్నయ్య తర్వాత చెప్పాడు.

మెమో రాయడం, ఇద్దరి చేతా సంతకాలు పెట్టించడం పూర్తయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. తులసమ్మ కొబ్బరి బోండం కొట్టించి ఇచ్చింది. కమిషనర్ ఏ పక్షం దగ్గరా ఏమీ పుచ్చుకోకూడదు కనుక వద్దన్నాను. ఆమె దాన్ని గున్నయ్యకు ఇచ్చింది. అతను తీసుకున్నాడు. అప్పుడు ఆమె మామూలుగా, ఊళ్ళో సంగతి చెప్పినట్టు, ఇంకో మాట చెప్పింది.

"సోమారం గున్నయ్యని కాటాకి అంపుతానన్నాడు బాబూ, అన్నయ్య. సోమారమే మనుషుల్ని పెట్టి బస్తాలు కుట్టించి ఉంచినాను. మంగళారం కూడా రానేదు. బుధారం మద్దినేళ దిగినాడు. యాభై రెండు అయ్యేసరికి గాలెత్తుకుంది, కరెంటు పోనాది, మిగతావి రేపన్నాడు. సోమారమే వచ్చుంటే అన్నీ ఎల్లిపోయేవి. దానికేటీ సట్టం నేదా?"

నిజమేనా అని గున్నయ్యను అడిగాను. నిజమేనన్నాడు. పలాసలో షావుకారి గోదాము ఖాళీ కాలేదని రెండు రోజులు ఆగమన్నారట.

దానికి చట్టం ఉంది. నష్టం ఎవరిదో చెప్పే ఇరవై ఆరో సెక్షన్ చివర ఒక మినహాయింపు ఉంది. కొనేవాళ్ళ తప్పు వల్ల గాని అమ్మేవాళ్ళ తప్పు వల్ల గాని సరుకు అప్పగింత ఆలస్యమైతే, ఆ ఆలస్యం లేకపోతే జరగని నష్టం తప్పు చేసినవాళ్ళ నెత్తిన పడుతుంది. తూచినా తూచకపోయినా సంబంధం లేదు. ఉన్నదున్నట్టు చెప్పుకుని ఉంటే, యాభై రెండు బస్తాలు తూకం వల్లా, ముప్ఫై ఎనిమిది బస్తాలు ఆలస్యం వల్లా, మొత్తం తొంభై లోకనాథం మీద పడే అవకాశం ఉంది. రంగు డబ్బా అవసరమే లేదు. పైగా, అన్నీ తూచేశారని ప్లెయింట్‌లో రాశాక, తూచడానికి ఆలస్యంగా వచ్చాడన్న మాటకు చోటే లేకుండా పోయింది.

ఇదంతా నాకు అక్కడ నిలబడ్డప్పుడే తెలుసు. కాని నేను ఆమె ప్లీడరును కాను. కోర్టు మనిషిని. ఒక పక్షానికి దారి చూపిస్తే నా రిపోర్టు మొత్తం చెల్లకుండా పోతుంది, పోవాలి కూడా.

"మీ ప్లీడరుగారిని అడగండమ్మా" అన్నాను.

"ఆయన బస్తాలెన్ని అని అడిగినారు. కాటా ఎప్పుడు రావాలో అడగనేదు" అంది.

నేను ఆటో ఎక్కాను.

రిపోర్టులో చార, రంగు, గున్నయ్య మాట, తులసమ్మ మాట అన్నీ రాశాను. ఏడో పేరాలో సోమవారం సంగతి కూడా రాశాను. వారంటులో అది లేదని తెలుసు. షెడ్డులో విన్నది విన్నట్టు రాయడమని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. చదివిన ప్లీడరుకు ఆ ఒక్క పేరా చాలు. అంతకు మించి నాకు దారి కనిపించలేదు. లోకనాథం తరఫువారు వెంటనే అభ్యంతరం వేశారు, ఏడో పేరా వారంటు పరిధి దాటిందని. వాళ్ళు అన్నది సరైనదే. కోర్టువారు ఆ పేరాను లెక్కలోకి తీసుకోబోమన్నారు.

తులసమ్మ ప్లీడరు ఆ పేరా ఎప్పుడు చదివారో నాకు తెలియదు. కరోనా వచ్చి కోర్టులు మూతపడ్డాయి, తెరిచారు, మళ్ళీ మూతపడ్డాయి. సాక్ష్యాలు మొదలయ్యాక ఆయన ప్లెయింట్ సవరించడానికి పిటిషన్ వేశారు. విచారణ మొదలయ్యాక సవరించాలంటే, ఎంత శ్రద్ధ పెట్టినా ఈ సంగతి ముందు చెప్పలేకపోయామని చూపాలి. కాటా ఎప్పుడు రావాలో తులసమ్మకు మొదటి రోజే తెలుసు. పిటిషన్ కొట్టివేశారు.

నన్ను కోర్టు సాక్షిగా పిలిచారు. లోకనాథం ప్లీడరు రంగు గురించే గంటసేపు అడిగారు. సోమవారం గురించి ఎవరూ అడగలేదు. అడగనిదానికి సాక్షి జవాబు చెప్పడు. గున్నయ్య బోనెక్కి మళ్ళీ అదే మాట చెప్పాడు. అప్పటికీ లోకనాథం దగ్గరే పనిచేస్తున్నాడు. ఎందుకు తీసెయ్యలేదని వరండాలో ఎవరో అడిగితే, లోకనాథం, "ఆడు తూసినానంటే ఊరంతా ఒప్పుకుంటాది. ఇంకొకడ్ని ఎక్కడ తెత్తాను" అన్నాడట.

తీర్పు వచ్చేసరికి దావా వేసి నాలుగేళ్ళు దాటింది. యాభై రెండు బస్తాల ధర వడ్డీతో సహా లోకనాథం ఇవ్వాలి. ముప్ఫై ఎనిమిదికి దావా కొట్టివేత. రెండు పక్షాలూ అబద్ధం చెప్పాయి కనుక ఎవరి ఖర్చులు వాళ్ళవే. తీర్పులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ప్లెయింట్‌లో ఉన్న కథ మీద అంతకన్నా ఇవ్వలేరు. ఎవరూ అప్పీలు వేయలేదు, ఇద్దరికీ ఓపిక లేదు.

ఆ రోజు కోర్టు మెట్ల దగ్గర తులసమ్మ కనిపించింది. నమస్కారం పెట్టింది. వ్యాపారం మానేశానని చెప్పింది. ముప్ఫై ఎనిమిది బస్తాల సంగతి రైతులకు తనే చెప్పుకుందట, కొందరు పోనీలే అన్నారట, కొందరు అనలేదట. అప్పటికి కేసు ముగిసింది, సెక్షన్ చెప్పినా నియమం అడ్డు రాదు. చెప్పినందువల్ల ఆమెకు కలిగే ఉపయోగం కూడా ఏమీ లేదు. చెప్పలేదు.

ఆ షెడ్డులో నోరు మూసుకోవడం సరైన పనేనని ఇప్పటికీ అంటాను. ఏ కమిషనరైనా అదే చెయ్యాలి. సరైన పని చేశాక కూడా మనసు తేలికపడని సందర్భాలు ఈ వృత్తిలో ఉంటాయి, వాటికి ఏ పిటిషనూ లేదు. తప్పు రంగుతో మొదలు కాలేదు. మొదటి రోజు ప్లీడరు ఆఫీసులో ఒక ప్రశ్న అడగకపోవడంతో మొదలైంది. ఆ ప్రశ్న నేనూ చాలామందిని అడగకుండానే ప్లెయింట్లు రాసి ఉంటాను. అవి ఎన్నో నాకు తెలియదు, తెలుసుకునే మార్గం లేదు.

ప్రాక్టీసు మానేసేలోపు మిగిలిన రెండేళ్ళలో, సరుకు తగాదాతో వచ్చినవాళ్ళను ఎంత, ఎన్ని అని నేను ముందుగా అడగలేదు. ఎవరు ఏ రోజు రావాలి, ఏ రోజు వచ్చారు అని అడిగాను. వాళ్ళు చిరాకుపడేవారు. జవాబు చెప్పాకే కాగితం తీసేవాణ్ణి.