వైర్‌లెస్‌లో దూరిన మా చిప్పు రొద

చెన్నైలో ఆఫీసు క్యాంటీన్‌లో దోసె తింటుంటే మా చిన్నాన్న ఫోను చేశాడు.

"పక్క పాళెంలో ఆమె వచ్చి మీ పెట్టె ఫ్యూజు పీకి పట్టుకుపోయింది. అడిగితే ఇయ్యనంటా ఉంది. నువ్వే వచ్చి మాట్లాడు."

చిన్నాన్నకి తోటపల్లి గూడూరు అవతల, సముద్రానికి దగ్గరగా రొయ్యల గుంటలున్నాయి. గుంట నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో చూసి, తగ్గగానే నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల చక్రాలను తిప్పే పెట్టె ఒకటి మా ఆఫీసులో తయారుచేసి, పరీక్ష కోసం ఆయన గట్టు మీద బిగించాం. దాంట్లోని చిప్పు మా టీందే. అందులో ఆసిలేటర్ నా వంతు. పాటలాగా చిప్పంతా ఒక తాళానికి నడవాలి కదా, ఆ తాళం వేసే చిన్న సర్క్యూట్ అది. గుంటల్లో నా పని తిరుగుతోందని అమ్మ ఊరంతా చెప్పుకుంది కూడా.

ఆ శనివారం రైలెక్కి నెల్లూరులో దిగాను. చిన్నాన్న బైకు మీద గుంటల గట్టున తీసుకెళ్లాడు. ఆమె ఇల్లు జాలర్ల పాళెం చివర, మా గట్టుని ఆనుకునే ఉంది. ఆమె భర్త ఫైబర్ పడవ మీద చేపల వేటకి పోతాడు. పడవలో ఒక వైర్‌లెస్, ఇంటి పంచలో ఒకటి. ఆయన నీళ్ల మీద ఉన్నంతసేపూ ఆమె దాని దగ్గరే వలలు బాగుచేసుకుంటూ కూర్చుంటుంది.

నన్ను చూసి పోట్లాడుతుందనుకున్నాను. ఆమె మాత్రం కొంగు ముడి విప్పి ఫ్యూజు తీసి చిన్నాన్న చేతిలో పెట్టింది. "పోయి పెట్టిరా అన్నా. ఈ పాపని విననీ."

చిన్నాన్న గట్టు మీదికి వెళ్లి ఫ్యూజు పెట్టాడు. అంతవరకూ వైర్‌లెస్‌లో ఐసు సంగతి మాట్లాడుతున్న ఎవరో పడవాయన గొంతు జర్రుమనే రొదలో మునిగిపోయింది. ఒక్క మాట తెలియలేదు.

"మొన్న మా ఆయన ఇంజను ఆగిపోయింది," అంది ఆమె. "పిలస్తా ఉన్నాడు, పిలస్తా ఉన్నాడు. నాకు ఈ రొద తప్ప ఏం ఇనపళ్లా. ఎవురో పడవోళ్లు చూసి లాక్కొచ్చినారు గాబట్టి సరిపొయ్యింది. ఆ పొద్దు నాకు కూడు దిగలేదు."

తిరిగొచ్చిన చిన్నాన్న గొంతు తగ్గించి, "ముందే చెప్పుంటే నేనే తీసేసుందును గదమ్మా," అన్నాడు.

"చెప్పినా గదన్నా. నీ వైర్‌లెస్సుకీ నా పెట్టెకీ సంబంధమేందన్నావు."

ఆ సంబంధం నా సర్క్యూటే.

ఆసిలేటర్ తాళం వేసిన ప్రతిసారీ కరెంటును గబుక్కున ఒక గుక్క తాగుతుంది. ఆ కుదుపు ఎంత పదునుగా ఉంటే అంత ఎక్కువ పౌనఃపున్యాల్లో రొద పుడుతుంది. మా ల్యాబులో బల్ల మీద జానెడు వైర్లతో పరీక్షించినప్పుడు అంతా బాగానే ఉంది. ఇక్కడ పెట్టె నుంచి గుంట నడుమ ఉన్న ఆక్సిజన్ సెన్సారుకి పొడుగాటి కేబులు పోతోంది. దాన్ని పీకి చూశాను. "తగ్గింది!" అని పంచలోంచి ఆమె కేక వేసింది. అంటే కేబులే ఏరియల్‌లా మా రొదను వైర్‌లెస్ దాకా మోస్తోంది.

ఆ మధ్యాహ్నమంతా నేను గట్టు మీద, ఆమె పంచలో. గాలి ఎదురు కొడితే మా కేకలు అందించడానికి నడుమ చిన్నాన్న. కేబులుకి రొదను అణిచే నల్లటి ఫెరైట్ ఉంగరాలు తొడిగాను, వైర్లు కురచ చేశాను. "ఉంది!" "కొంచెం తగ్గింది!" "మళ్లా వచ్చింది!" అంటూ ఆమె విసుక్కోకుండా విని చెప్పింది. చివరికి దగ్గరి పడవలు వినపడ్డాయి గానీ, దూరం పోయిన పడవలు వినపడలేదు.

"వాళ్లాయన వేటకి పోయినన్నాళ్లూ పెట్టె వద్దులే," అన్నాడు చిన్నాన్న. "నేనే ఏరేటర్లు వేసుకుంటా." కొత్త చిప్పు వచ్చేదాకా, కొన్ని నెలలు, ఆయన అట్లాగే గట్టు మీద కాపలా ఉన్నాడు. ఒక్కసారి కూడా ఇంకెప్పుడని నన్ను అడగలేదు. అందుకు ఆయనకి నేను ఎప్పటికీ రుణపడే ఉంటాను.

సోమవారం మా టీం పెద్దావిడకి జరిగింది చెప్పాను. ఆవిడ చెన్నై మనిషి, మాట తక్కువ. "బయట ఉంగరాలు తొడిగితే చాలదు, పుట్టినచోటే ఆపాలి," అంది. ఆసిలేటర్‌కి కరెంటు వచ్చే దారిని మిగతా చిప్పు నుంచి విడదీసి, నడుమ ఒక రెసిస్టరూ, కాస్త కరెంటు నిల్వ ఉంచుకునే ఒక కెపాసిటరూ పెట్టాలి. అప్పుడు ఆ గుక్క కెపాసిటర్ నుంచే తాగుతుంది, కుదుపు బయటికి పోదు. పదును కూడా తగ్గించాలి. కానీ కెపాసిటర్‌కి చోటు కావాలి. చిప్పులో ఖాళీ లేదు.

ఆవిడ తెర మీద తన సర్క్యూట్ కోసం అట్టిపెట్టుకున్న మూలని చూపించింది. "ఇది తీసుకో. నాది కాస్త ఒదిగి కూర్చుంటుందిలే. ముందు ఆమెకి వాళ్లాయన మాట వినపడాలి." ఆ మూల కోసం ఆవిడ తన పని సగం మళ్లీ చేసుకోవాల్సి వచ్చిందని నాకు తర్వాత వేరేవాళ్లు చెప్పారు.

కొత్త చిప్పులు వచ్చాక, గుంటలో ఉన్నంత పొడవు కేబులుని ఆఫీసు వరండాలో పరిచి పరీక్షించాం. తర్వాత నేను మళ్లీ పాళేనికి వెళ్లాను. పొద్దున్నే చిన్నాన్న పెట్టె వేశాడు. ఏరేటర్లు నీళ్లు చిమ్ముతూ తిరిగాయి. ఆమె వైర్‌లెస్ ఒళ్లో పెట్టుకుని నా వైపు చూసింది.

"వేసినారా?"

"వేశాం అక్కా."

ఆమె నమ్మలేదు. లేచి గట్టు మీది చక్రాలను చూసి వచ్చి కూర్చుంది. అప్పుడే పిలుపు వచ్చింది.

"ఏమే, ఇనపడతా ఉందా?"

"ఇనపడతా ఉంది," అంది. "ఇంకొంచేపు మాట్లాడు."

"ఏం మాట్లాడేది?"

"ఏదో ఒకటి."

ఆయన నవ్వి, వల ఎక్కడ వేశాడో, పక్కన ఎవరి పడవలున్నాయో, గాలి ఎటు నుంచి కొడుతోందో చెప్పుకుంటూ పోయాడు. ఆమె ఊ కొడుతూ వింది. ఆ గొంతుని నా ఫోనులో రికార్డు చేసి మా పెద్దావిడకి పంపాను. ఆవిడకి తెలుగు అంతంతమాత్రమే. అయినా బల్ల దగ్గర కూర్చుని చివరిదాకా విన్నదట.